డబ్బాలో పుట్టి... కోర్టుకెక్కిన రుచి!

తెల్లవారుజామున ఫ్యాక్టరీకి బయల్దేరుతున్న మనిషి. ముందు రెండు రొట్టె ముక్కలు. ఒకదానికి వెన్న రాశాడు. దానిమీద నాలుగు బిస్కెట్లు పేర్చాడు. రెండో ముక్కని మూతలా పెట్టి, కాగితంలో చుట్టి, డబ్బాలో పడేసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం తిండివేళకి డబ్బా తెరిస్తే... బిస్కెట్లు మాయం! రొట్టెలోని చెమ్మా, వెన్నా కలిసి వాటిని మెత్తబరిచేశాయి. దాల్చినచెక్క వాసనతో, మాడీ మాడని చక్కెర రుచితో గోధుమరంగు ముద్ద ఒకటి రొట్టెకి అంటుకుని ఉంది.

బెల్జియంలో పనికెళ్లేవాళ్ల ఇళ్లలో ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటే. కూరా నారా వండుకునే తీరిక లేనినాడు మనవాళ్లు అన్నంలో ఆవకాయ కలుపుకొని బాక్సులో పెట్టుకోరూ... అలాంటిదే. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, ఎవరూ పుస్తకంలో రాసుకోలేదు.

ఇప్పుడు అదే ముద్ద సీసాలోకి ఎక్కింది. 'కుకీ బటర్' అయింది. అమెరికాలో ఉన్న కూతురో కొడుకో సెలవులకి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చే సీసాల్లో చాక్లెట్ల తర్వాత స్థానం దీనిదే. హైదరాబాద్, విజయవాడ సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతోంది. పిల్లలు చెంచాతో నేరుగా తినేస్తుంటారు. అమ్మలు మాత్రం సీసామీద ధర చూసి ఉలిక్కిపడుతుంటారు. ఇంతకీ అందులో ఉన్నదేమిటి? బిస్కెట్లు, నూనె, చక్కెర. అంతే! ఇంత మామూలు సరుకు కోసం ఒక దేశంలో పేటెంటు పుట్టింది, పేచీ పుట్టింది, చివరికి కోర్టు తీర్పూ వచ్చింది. ఆ కథ తెలిస్తే, ఇంట్లో మిక్సీ ఎందుకు తిప్పాలో కూడా తెలుస్తుంది.

పేరులో ఉంది... సీసాలో లేదు

ముందు పేరు సంగతి. కుకీ బటర్‌లో బటర్ ఉండదు. వేరుశనగలతో చేసిన ముద్దని అమెరికా వాళ్లు 'పీనట్ బటర్' అంటారు కదా, ఆ వరసలోనే బిస్కెట్ ముద్ద 'కుకీ బటర్' అయింది. పుట్టింట్లో దాని పేరు 'స్పెక్యులోస్ పాస్తా'. ఈ పాస్తా గొట్టాల్లా ఉండే ఇటలీ వంటకం కాదు. డచ్చి భాషలో ముద్ద అని అర్థం. ఆ ముద్దకి మూలమైన బిస్కెట్టు పేరే స్పెక్యులోస్.

ఆ బిస్కెట్టుది పాత కథ. బెల్జియంలో డిసెంబరు 6న సెయింట్ నికోలస్ పండగ. పక్కనున్న నెదర్లాండ్స్‌లో అయితే 5వ తేదీ సాయంత్రమే సందడి. తెల్లగడ్డం, ఎర్రంగీ ఉన్న ఆ తాత పిల్లలకి కానుకలు తెస్తాడని నమ్మకం. ఆ రోజుల్లో కాల్చే మసాలా బిస్కెట్లని నెదర్లాండ్స్‌లో స్పెక్యులాస్ అంటారు. చెక్కమీద తాత బొమ్మో, గాలిమర బొమ్మో చెక్కి, ఆ అచ్చులో పిండి నొక్కి తీస్తారు. మన ఇళ్లలో కజ్జికాయలకి అచ్చు ఉన్నట్టే వాళ్ల ఇళ్లలో ఈ అచ్చు. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి, యాలకులు, తెల్ల మిరియాలు... మొత్తం పోపులపెట్టె వాసన వస్తుందా బిస్కెట్టులో.

బెల్జియం వాళ్లది కాస్త వేరే దారి. మసాలా దినుసులు ఖరీదు కావడంతో అక్కడి బేకరీల వాళ్లు వాటిని తగ్గించి, మాగిన చక్కెర రుచినే నమ్ముకున్నారని చెబుతారు. మసాలాల్లో దాల్చినచెక్కది మాత్రమే పైచేయి. అదే స్పెక్యులోస్. 1932లో లెంబెకె అనే ఊళ్లో యాన్ బోన్ అనే బేకరీ యజమాని అన్నదమ్ములతో కలిసి ఈ బిస్కెట్ల తయారీ మొదలుపెట్టారు. స్వచ్ఛతకి గుర్తని తామరపువ్వు పేరు పెట్టుకున్నారు. అదే 'లోటస్' కంపెనీ. 1950ల్లో ఒక్కో బిస్కెట్టునీ విడిగా కాగితంలో చుట్టి, హోటళ్లలో కాఫీ కప్పు పక్కన పెట్టించడంతో దాని దశ తిరిగింది. 'బిస్కెట్', 'కాఫీ' మాటలు కలిపి 'బిస్కాఫ్' అన్న పేరు పెట్టారు. 1980ల నుంచి అమెరికా విమానాల్లోనూ పంచారు. మన విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామందికి దీని రుచి తెలిసింది అలా ఆకాశంలోనే!

బందరు బట్ట... బండా జాజికాయ

చల్లటి ఐరోపాలో జాజికాయ కాయదు, లవంగం పూయదు. మరి ఆ బిస్కెట్లలోకి అవి ఎలా వచ్చాయి? ఆ దారి మన తీరం మీదుగానే వెళ్లింది.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. దాని కన్ను ఇప్పటి ఇండోనేసియాలో ఉన్న మసాలా దీవుల మీద. లవంగాలూ జాజికాయా అక్కడే పండేవి. అయితే ఆ దీవుల వాళ్లు తమ సరుకుకి బదులుగా ఎక్కువగా అడిగింది మన కోరమాండల్ తీరంలో నేసి, అద్దిన బట్టల్ని. దాంతో డచ్చివాళ్లు 17వ శతాబ్దం తొలి దశకంలోనే గోల్కొండ సుల్తానుల రేవుపట్నమైన మచిలీపట్నంలో దిగారు. ఇక్కడ బట్ట కొని, అక్కడ మసాలాకి మార్చి, ఐరోపాలో అమ్ముకున్నారు. బందరులో, భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ వ్యాపారంలో తీపి మాత్రమే లేదు. ఆ కాలంలో జాజికాయ దొరికేది బండా అనే చిన్న దీవుల గుంపులోనే. అది తమకి తప్ప ఎవరికీ అమ్మకూడదని డచ్చివాళ్లు పట్టుబట్టారు. దీవుల వాళ్లు వినలేదు. 1621లో యాన్ పీటర్‌జూన్ కూన్ అనే గవర్నర్ జనరల్ సైన్యంతో దిగి ఆ జనంలో చాలామందిని చంపించాడు, ఎందరినో బానిసలుగా పట్టుకెళ్లాడు. ఒక చెట్టు కాయ మీద హక్కంతా తమకే ఉండాలన్న పట్టుదల ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పే కథ అది.

నాలుగు శతాబ్దాల తర్వాత బిస్కెట్ ముద్ద మీద వచ్చిన పేచీ అంత దారుణమేమీ కాదు. నెత్తురు చిందలేదు. కానీ ప్రశ్న మాత్రం ఆ కోవలోదే. పదిమంది నోట నలిగిన రుచి ఒక్కరిది ఎలా అవుతుంది?

టీవీలో పోటీ... కోర్టులో పేచీ

2007 ప్రాంతం. బెల్జియం టీవీలో 'డె బెడెంకర్స్' అనే కార్యక్రమం వచ్చేది. కొత్త వస్తువులు కనిపెట్టిన మామూలు మనుషుల మధ్య పోటీ అది. దానికి ఎల్స్ స్కెప్పర్స్ అనే మహిళ ఒక సీసాతో వచ్చారు. పనివాళ్ల డబ్బాలో మధ్యాహ్నానికి తయారయ్యే ఆ ముద్దనే పొద్దున్నే రొట్టెకి రాసుకునేలా చేస్తే ఎలా ఉంటుందన్నది ఆమె ఆలోచన. తమాషా ఏమిటంటే, అదే పోటీకి మరో ఇద్దరు కలిసి ఇలాంటి ముద్దే పట్టుకొచ్చారు!

పోటీలో స్కెప్పర్స్ గెలవలేదు. కానీ లోటస్ కంపెనీ ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. ఆ ఇద్దరు మరో బిస్కెట్ల కంపెనీతో చేయి కలిపారు. చూస్తుండగానే దుకాణాల్లో రెండు రకాల సీసాలు పక్కపక్కన చేరాయి. తయారీ విధానం మీద లోటస్ చేతిలో పేటెంటు ఉంది. మిగతా కంపెనీలు ఊరుకోలేదు. ఇందులో కొత్తగా కనిపెట్టిందేముందని కోర్టుకెక్కాయి. 2011లో బెల్జియం న్యాయస్థానం ఆ పేటెంటు చెల్లదని తేల్చేసింది. అటుపైన ఎవరి ముద్ద వాళ్లు చేసుకుని అమ్ముకోవచ్చు. అదే ఏడాది అమెరికాలో ట్రేడర్ జోస్ అనే దుకాణాల గొలుసు సొంత సీసాని 'కుకీ బటర్' పేరుతో పెట్టేసరికి ఆ మాట ప్రపంచమంతా పాకింది.

ఈ కథ వింటే మనకి పసుపు గుర్తుకు రాకమానదు. గాయానికి పసుపు అద్దడం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి వాదిస్తే 1997లో రద్దయింది. అమ్మమ్మలకి తెలిసిన విద్యని కొత్తదంటే ఎలా కుదురుతుంది? పేటెంటుకి మొదటి షరతే కొత్తదనం కదా!

అలాగని కంపెనీలు చేసిందేమీ లేదని కాదు. నెలల తరబడి పాడవకుండా, నూనె తేలకుండా, నాలుకకి గరుకు తగలకుండా చేయడం చిన్న పనేం కాదు. లోటస్ వ్యాపారం పెరుగుతూనే ఉంది. దేశానికో పేరు ఎందుకని 2020లో సొంతగడ్డ మీద కూడా 'స్పెక్యులోస్' మాట తీసేసి 'బిస్కాఫ్' అని మార్చడానికి సిద్ధపడితే అక్కడివాళ్లు చిన్నబుచ్చుకున్నారు. 2024లో మన దేశం కోసం మాండెలీజ్‌తో ఒప్పందం చేసుకుంది. సీసా వాళ్లది. ఒప్పుకోవాల్సిందే. విద్య మాత్రం అందరిదీ. ఇక కొంగు బిగించవచ్చు.

తడి తగిలిందా... చెడిందే!

సీసామీద చిన్న అక్షరాలు చదివితే సగం విద్య వచ్చేసినట్టే. సగానికి పైగా బిస్కెట్ల పొడి. తర్వాత నూనె. ఆ తర్వాత చక్కెర. నూనె విడిపోకుండా సోయా లెసిథిన్, కాస్త పులుపుకి నిమ్మఉప్పు. ఈ జాబితాలో లేనిదేమిటో గమనించారా? నీళ్లు!

అసలు కిటుకు అక్కడే ఉంది. బిస్కెట్టు పొడికి నీళ్లు తగిలితే అందులోని పిండి ఉబ్బి గంజిముద్దలా బిగుసుకుంటుంది. రెండ్రోజుల్లో బూజు పడుతుంది. అదే నూనెలో అయితే పిండి ఉబ్బదు. రేణువులు నూనెలో జారుతూ తేలుతుంటాయి. ముద్ద నున్నగా పారుతుంది. తడి లేదు కాబట్టి సూక్ష్మజీవులకి చోటు లేదు. మన సున్నుండల సూత్రం ఇదే! వేయించిన మినప్పిండి, బెల్లం, నెయ్యి... చుక్క నీరు తగలనివ్వరు కాబట్టే డబ్బాలో రోజుల తరబడి ఉంటాయి. ఒక విధంగా చూస్తే కుకీ బటర్ అంటే ఉండ చుట్టని బెల్జియం సున్ని!

వెన్నతో చేస్తే కమ్మగా ఉండదా అనిపిస్తుంది. ఉంటుంది. కానీ వెన్నలో ఆరో వంతు దాకా నీరే. మధ్యాహ్నానికి తినేసే డబ్బాకైతే ఫరవాలేదు. సీసాలో దాచుకోవడానికి పనికిరాదు. కమ్మదనం కావాలంటే నెయ్యి ఉంది. నూనె సగం, నెయ్యి సగం వేసుకోవచ్చు. చలికాలం కాస్త గట్టిపడుతుంది, అంతే.

ఇంకో చిక్కు చక్కెరతో. అది నూనెలో కరగదు. పలుకులుగా వేస్తే పలుకులుగానే పంటికి తగులుతుంది. అందుకని మెత్తటి పొడి చేయాల్సిందే.

ఇలా చేసుకోవాలి

కావలసినవి: బిస్కెట్లు 250 గ్రాములు, వాసన లేని పొద్దుతిరుగుడు నూనె 100 నుంచి 125 మిల్లీలీటర్లు, చక్కెర 60 గ్రాములు, దాల్చినచెక్క పొడి చెంచా, శొంఠి పొడి పావు చెంచా, లవంగాలు రెండు, యాలకులు రెండు, జాజికాయ పొడి చిటికెడు, ఉప్పు చిటికెడు, నిమ్మఉప్పు ఆవగింజంత.

స్పెక్యులోస్ బిస్కెట్లే దొరికితే చక్కెర నేరుగా పొడి చేసి కలిపేయొచ్చు. మసాలాలు అక్కర్లేదు. దొరక్కపోతే మారీ బిస్కెట్లో, గ్లూకోజ్ బిస్కెట్లో తీసుకోవాలి. ఉస్మానియా బిస్కెట్లతో చేస్తే ఆ ఉప్పూతీపీ కలిసిన రుచి ఇంకో రకం. వాటిలో వెన్నో డాల్డానో ముందే ఉంటుంది కాబట్టి నూనె కాస్త తగ్గించాలి.

మామూలు బిస్కెట్లకి ఆ మాగిన రుచి తెప్పించేది చక్కెరే. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నీళ్లు పోయకుండా చక్కెర వేసి సన్నని సెగమీద కరగనివ్వాలి. తేనె రంగు దాటి, లేత కాఫీ రంగు రాగానే దించాలి. ఒక్క క్షణం ఏమరితే చేదే! నెయ్యి రాసిన స్టీలు పళ్లెంలో పల్చగా పోస్తే పది నిమిషాల్లో గాజుముక్కలా గట్టిపడుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. కరిగిన చక్కెర మరిగే నీళ్లకంటే ఎక్కువగా కాలుతుంది. చల్లారాక ముక్కలు చేసి మసాలాలతో కలిపి పొడి కొట్టాలి. ఈ పొడి గాలిలో తేమని ఇట్టే లాగేసుకుంటుంది కాబట్టి అప్పటికప్పుడు వాడేయాలి.

ఈలోగా బిస్కెట్లని దళసరి పెనంమీద సన్నని సెగన అటూఇటూ వెచ్చబెట్టాలి. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు చాలు. లోపలి కొద్దిపాటి చెమ్మా పోయి, కరకరలాడతాయి. పూర్తిగా చల్లారాక పొడి మిక్సీ జార్‌లో వేసి మెత్తగా తిప్పి, జల్లించాలి. పైన మిగిలిన రవ్వని మళ్లీ తిప్పాలి. కంపెనీ సీసాకీ ఇంటి సీసాకీ తేడా వచ్చేది ఈ జల్లెడ దగ్గరే. బద్ధకిస్తే నాలుకమీద ఇసుక తిన్నట్టుంటుంది.

ఇప్పుడు బిస్కెట్ల పొడి, చక్కెర పొడి, ఉప్పు, నిమ్మఉప్పు కలిపి జార్‌లో వేసి, నూనె రెండేసి చెంచాల చొప్పున పోస్తూ ఆపి ఆపి తిప్పాలి. మొదట పొడిపొడిగా, తర్వాత తడి ఇసుకలా, ఆపైన చలిమిడిలా అవుతుంది. కంగారుపడి పాలో నీళ్లో పోయకండి. ముద్ద బిగుసుకుపోతుంది. ఇంకాస్త నూనె పోసి తిప్పితే మిక్సీ వేడికే వదులై, ఒక్కసారిగా జారుడుగా మారుతుంది. వెచ్చగా ఉన్నప్పుడు పలచగానే కనిపిస్తుంది. చల్లారితే చిక్కబడుతుంది. కాబట్టి దోసెపిండి కంటే కాస్త జారుగా ఉండగానే ఆపేయాలి.

ఎండబెట్టిన గాజు సీసాలో పోసి చల్లటి చోట పెడితే రెండు మూడు వారాలు నిక్షేపంగా ఉంటుంది. లెసిథిన్ లేదు కాబట్టి పైకి నూనె తేలుతుంది. ఆవకాయ జాడీమీద నూనె తేలితే చెడిందంటామా? కలుపుకోవడమే. ఆ జాడీకి ఉన్న నియమమే దీనికీను. తడి చెంచా పెట్టకూడదు! ఎండాకాలంలో నూనె కనరు వాసన వేసే ప్రమాదం ఉంది. కొంచెం కొంచెంగా చేసుకోవడమే మంచిది. కండెన్స్‌డ్ మిల్కుతోనో కాచిన పాలతోనో చేసే పద్ధతీ ఉంది. రుచి బాగానే ఉంటుంది కానీ అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, నాలుగైదు రోజుల్లో అయిపోవాలి.

చెంచా లెక్క

వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలున్న ఇళ్లలో దీన్ని పీనట్ బటర్‌కి బదులుగా వాడుతుంటారు. మంచిదే. కానీ ఇందులో ఉండేది గోధుమపిండి. కొన్నవాటిలో సోయా కూడా. అవి పడనివాళ్లకి ఇదీ పడదు. బిస్కెట్ల ప్యాకెట్టుమీద ఏముందో కూడా ఓసారి చదువుకోవాలి.

ఇక బలం సంగతి. వేరుశనగ ముద్దలో ఉన్నంత మాంసకృత్తులు ఇందులో ఆశించకూడదు. కంపెనీ సీసాలో మూడో వంతుకు పైగా చక్కెర, దాదాపు అంతే కొవ్వు. 100 గ్రాములకి 580 కెలోరీల వరకు ఉంటాయి. అంటే నిండుగా తీసిన ఒక్క పెద్ద చెంచాకి 85 నుంచి 90! ఇంట్లో చేసినంత మాత్రాన అది పప్పూకూరా అయిపోదు. కాకపోతే ఎంత చక్కెర పడిందో, ఏ నూనె పడిందో మన కళ్లముందే ఉంటుంది. చేసిన కష్టం గుర్తుంటుంది కాబట్టి రాసేటప్పుడు చెయ్యి కాస్త పొదుపుగానూ కదులుతుంది.

సీసామీద కంపెనీల పేర్లుంటాయి. టీవీ పోటీకి వెళ్లినవాళ్ల పేర్లు పత్రికల్లో ఉన్నాయి. రొట్టెమధ్య బిస్కెట్లు పెట్టుకుని పనికెళ్లిన మొదటి మనిషెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మనిషి చేసినట్టే చేసి చూడాలనుంటే ఇంత శ్రమా అక్కర్లేదు. సోమవారం పొద్దున పిల్లల డబ్బాలో రెండు రొట్టె ముక్కలు, నడుమ కాస్త వెన్న, నాలుగు బిస్కెట్లు పెట్టి పంపండి. మిక్సీ తిప్పే పనీ లేదు, జల్లెడ పట్టే పనీ లేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా వాళ్లు ఆగగలిగితే చాలు!